నాలుగో కోచ్

మా క్లబ్బు ఓనరు నరసింగరావుగారికి పలాస దగ్గర నాలుగు జీడిపప్పు ఫ్యాక్టరీలున్నాయి. అక్కడ మిషను మొరాయిస్తే రిపేరు కోసం ఆగరు, మర్నాటికల్లా కొత్తది దింపిస్తారు. పప్పు వ్యాపారంలో ఆ పద్ధతి ఆయనకు బాగానే కలిసొచ్చింది. ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టాక కూడా దాన్నే పట్టుకు వేలాడారు. దాంతో ఆగస్టుకీ జనవరికీ మధ్య మాకు ముగ్గురు కోచ్‌లు మారారు.

మొదటాయన కలకత్తా నుంచి వచ్చాడు. బంతి నేల మీదే ఉండాలి, చిన్న చిన్న పాసులే ఇవ్వాలి అన్నాడు. అది మా కాళ్ళకి అలవాటవుతుండగా నాలుగు మ్యాచ్‌లు ఓడిపోయాం, ఆయన్ని ఆమదాలవలసలో రైలెక్కించేశారు. రెండో ఆయనది కేరళ. నేల మీద కాదు, ఎత్తి కొట్టండి అన్నాడు. ఆయన మా చేపల పులుసు మెచ్చుకున్నాడు గానీ, మా ఆటను మెచ్చుకునేంత టైం ఆయనకు దొరకలేదు. మూడో ఆయన హైదరాబాద్ నుంచి వచ్చిన మురళీమోహన్ సార్. అవతలి జట్టులో ఒక్కొక్కణ్ణి ఒక్కొక్కడు పట్టుకోండి, వాడు ఎటు పోతే అటు పోండి, నీళ్ళు తాగడానికి వెళ్ళినా వదలొద్దు అన్నాడు. ఆరు నెలల్లో మూడు రకాల ఆటలు. చివరికి మాలో నలుగురు మొదటాయన చెప్పింది ఆడేవారు, నలుగురు రెండో ఆయన చెప్పింది ఆడేవారు, మిగతావాళ్ళు మూడో ఆయన మొహం చూస్తూ నిలబడేవారు.

నా పేరు గోవింద్. ముప్ఫై రెండేళ్ళు. మాది నీలాలపేట, సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ళ ఊరు. పదేళ్ళుగా ఈ క్లబ్బులో డిఫెండర్ని, కిందటేడాది నుంచి కెప్టెన్ని. మా నాన్న, మా చిన్నాన్నలు ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ వెళ్ళి వెరావల్ బోట్ల మీద పనిచేసేవారు. నా చిన్నప్పుడు మా నాన్న ఎండాకాలంలో వచ్చిపోయే చుట్టంలాగే తెలుసు నాకు. మా ఇంట్లో ఏడాది పొడుగునా పెళ్ళాంబిడ్డలతో ఉండగలిగిన మొదటి మగాణ్ణి నేనే. అది ఫుట్‌బాల్ పెట్టిన భిక్ష.

రాష్ట్ర లీగ్‌లో పది జట్లు. చివర నిలిచిన జట్టు కింది లీగ్‌కి దిగిపోతుంది. జనవరి నెలాఖరుకి చివర ఉన్నది మేమే. ఇంకా మూడు మ్యాచ్‌లు మిగిలాయి. గెలిస్తే మూడు పాయింట్లు, సమమైతే ఒకటి. ఎలా చూసినా మాకు ఏడు పాయింట్లు కావాలి. నరసింగరావుగారు డ్రెస్సింగ్ రూమ్‌కి వచ్చి, "దిగిపోతే క్లబ్బు మూసెస్తాను. కింద లీగుల్లో ఆడించే సరదా నాకు లేదు," అని చెప్పి వెళ్ళిపోయారు. ఏడు పాయింట్లు వస్తే నేను ఇంట్లో ఉంటాను, రాకపోతే వెరావల్ బోటెక్కుతాను. అంత సూటిగా ఉంది నా సంగతి.

మమ్మల్ని ఆ గతికి తెచ్చిన మ్యాచ్ ఒకటుంది. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, అయినా చెప్పాలి.

లక్ష్ముడని నా బావమరిది. మా ఆవిడ చిన్నతల్లికి తమ్ముడు. డిఫెన్స్‌లో నా పక్కనే ఆడతాడు. ఆ రోజు అవతలి జట్టు బంతి తీసుకుని మా మీదికి వస్తోంది. మేము వాళ్ళను చూస్తూ వెనక్కి అడుగులేస్తున్నాం. అందరికంటే వెనక లక్ష్ముడున్నాడు, వాడి పక్కనే వాళ్ళ ఫార్వర్డు. ఉన్నట్టుండి లక్ష్ముడు ఆ ఫార్వర్డుని వదిలేసి ముందుకు పరిగెత్తాడు. నాకూ ముందుకు వెళ్ళాలనే అనిపించింది. అంతలో గీత అవతల నుంచి మురళీమోహన్ సార్ "మనిషిని పట్టుకో" అని అరిచాడు. కెప్టెన్సీ ఊడిపోతుందని భయమేసింది. ఒక్కణ్ణీ వెనక్కి తిరిగి గోల్ వైపు పరిగెత్తాను. ఆ ఫార్వర్డు నన్ను దాటుకుని వెళ్ళి తీరిగ్గా గోల్ కొట్టాడు.

మ్యాచ్ అయ్యాక సార్ అందరి ముందూ లక్ష్ముణ్ణి పిరికివాడన్నాడు. మనిషిని వదిలి పారిపోయేవాడు జట్టులో ఉండక్కర్లేదన్నాడు. తప్పు నాది కూడానని నాకు లోపల తెలుస్తూనే ఉంది. నోరు విప్పలేదు. లక్ష్ముడు బ్యాగు సర్దుకుని ఊరెళ్ళిపోయాడు. మూడు రోజుల తర్వాత నరసింగరావుగారు మురళీమోహన్ సార్‌ని కూడా పంపేశారు.

ఆ ఖాళీలో పద్మకుమారి మేడమ్‌ని కూర్చోబెట్టారు.

ఆవిడ ఎనిమిదేళ్ళుగా మా క్లబ్బులో అసిస్టెంట్ కోచ్. పాతపట్నం దగ్గర వరి పండించుకునే రైతుల ఇంటి పిల్ల. యూనివర్సిటీకి ఆడింది, కోచింగ్ పరీక్షలన్నీ పాసైంది. ఇన్నేళ్ళూ ఆవిడ చేత చేయించిన పని ఏమిటంటే మైదానంలో కోన్లు పరవడం, మా చీలమండలకి టేపు చుట్టడం, కొత్త కోచ్ వచ్చినప్పుడల్లా ఆయనకి అద్దె ఇల్లు వెతికి పెట్టడం. నేనే కెప్టెన్ హోదాలో నరసింగరావుగారి దగ్గరికి వెళ్ళి, "బాబూ, మగోళ్ళ టీముకి ఆవిడేటి? ఇంకెవులైనా దొరకరా?" అని అడిగాను. "మూడు మాచ్‌ల కోసం కొత్తోడెవుడొస్తాడురా? సీజన్ అయ్యేదాకా ఆవిడే సూస్తాది, ఎల్లు," అన్నారాయన. ఆ మాట అడిగిన నోటితోనే ఇప్పుడు ఈ కథ చెబుతున్నాను, ఏం చేస్తాం.

మొదటి రోజు ఆవిడ మమ్మల్ని వరసగా నిలబెట్టి ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"లక్ష్ముడేడి?"

"ఊరెళ్ళిపోనాడు మేడమ్," అన్నాడు మా ఫార్వర్డు నవీన్.

"ఎందుకెళ్ళిపోనాడు?"

అందరం తలలు దించుకున్నాం.

"నాను అడిగినప్పుడు గెడ్డి సూడకండి. గెడ్డి బాగానే ఉన్నాది," అంది.

మర్నాడు ఆదివారం. నేను ఊళ్ళో పెద్దవల లాగడానికి ఒడ్డుకి వెళ్ళాను. పెద్దవలంటే ఒడ్డు మీద నిలబడి లాగే వల. బోటు వెళ్ళి దాన్ని సముద్రంలో అర్ధచంద్రంలా దింపి వస్తుంది. రెండు చివరల తాళ్ళూ ఒడ్డు మీద ఉంటాయి, ఒక్కో తాడుకి పదిహేను మంది. సముద్రం వైపే మొహం పెట్టి, మడమలు ఇసకలో దిగేసి, వెనక్కి నడుస్తూ లాగుతాం. అందరికంటే వెనకున్నవాడు తాడు వదిలిపెట్టి, పరిగెత్తుకెళ్ళి, నీళ్ళ దగ్గర తాడు ముందు కొసన పట్టుకోవాలి. అప్పుడు వాడి ముందున్నవాడు చివరివాడవుతాడు, ఆ తర్వాత వాడూ వదిలి ముందుకు వెళతాడు. వల మధ్యలో చేపలు పడే సంచి ఒడ్డుకొచ్చేదాకా ఇలా తిరుగుతూనే ఉంటారు. ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు. నీలాలపేటలో పుట్టినవాడికి ఆరేళ్ళకే వచ్చేస్తుంది.

ఏడు గంటల వేళ మేడమ్ స్కూటీ మీద వచ్చింది. లక్ష్ముడి దగ్గరికి నడిచి, "నీతో మాటాడాలిరా," అంది.

"సంచి ఒడ్డుకొచ్చేదాకా తాడు ఒగ్గీకూడదప్పా," అన్నాడు వాడు, సముద్రం మీంచి చూపు తిప్పకుండానే. మా వైపు అక్కని అప్ప అంటాం. వాడొక్కడే ఆవిణ్ణి అలా పిలిచేవాడు.

ఆవిడ చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, వాడి వెనకాల తాడు పట్టుకుంది. లాగింది కూడా, రైతు బిడ్డ కదా, చేతుల్లో బలముంది. కాసేపటికి అందరికంటే వెనక ఆవిడే అయింది. కానీ వదలదే. పళ్ళు బిగించి అక్కడే లాగుతోంది. వెనకున్న మనిషి కదలకపోతే ముందు చేతులు చాలవు, తాడు బరువెక్కిపోయింది.

వల యజమాని జోగయ్య తాత కేకేశాడు. "ఏటమ్మా అది? ఎనకున్నోలు ముందుకెల్లాల. నువ్వక్కడే ఉండిపోతే పని ఆగిపోతాది."

"ఒగ్గెత్తే వల జారిపోదా తాతా?"

"నీ ముందోడున్నాడు కదమ్మా. ఆడు సూసుకుంటాడు. నువ్వెల్లు."

ఆవిడ వదిలి పరిగెత్తింది. నీళ్ళ దగ్గర పట్టుకుంది, మళ్ళీ వెనక్కి వచ్చింది, మళ్ళీ వదిలి పరిగెత్తింది. నాలుగోసారి పరిగెత్తుతూ సగం దారిలో ఠక్కున ఆగిపోయింది. ఆవిడ వెనకాలే లక్ష్ముడు తాడు వదిలి ముందుకు వెళుతున్నాడు. వాణ్ణి చూసింది. తర్వాత తిరిగి నన్ను చూసింది. పట్టుబడిపోయానని అప్పుడే తెలిసిపోయింది.

సంచి నిండా కవళ్ళు పడ్డాయి. అందరూ చేపల చుట్టూ మూగారు. మేడమ్ మా ఇద్దర్నీ పక్కకి పిలిచి, ఇసక మీద గవ్వలు పెట్టింది. ఇది లక్ష్ముడు, ఇది నువ్వు, ఇది వాళ్ళ ఫార్వర్డు అంటూ.

"ఆ రోజు నువ్వు పారిపోలేదు," అంది లక్ష్ముడితో. "అందరికన్నా ఎనకున్నావు కాబట్టి ముందుకెల్లేవు. అంతేనా?"

"ఏమో అప్పా. కాళ్ళెల్లిపోనాయి."

ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ అని ఒక రూలుంది. అవతలివాడు బంతి అందుకోవాలంటే, బంతి కొట్టే క్షణానికి వాడికీ గోల్‌కీ మధ్య మా గోల్‌కీపర్ కాకుండా ఇంకొకడైనా ఉండాలి. ఎవడూ లేకపోతే ఆ ఆట చెల్లదు, బంతి మాకిచ్చేస్తారు. లక్ష్ముడు ముందుకు వెళ్ళగానే ఆ ఫార్వర్డు మా అందరి వెనకా ఒంటరిగా మిగిలిపోవాలి. లైన్ రిఫరీ జెండా ఎత్తాలి. ఎత్తలేదు. ఎందుకంటే అక్కడ ఇంకొకడున్నాడు.

"గోవిందూ, ఆ రోజు నువ్వెటు పరిగెత్తేవు?" అని అడిగింది ఆవిడ.

అబద్ధం ఆడదామనే అనుకున్నాను. కానీ ఇసక మీద నా గవ్వ ఎక్కడుందో ముగ్గురికీ కనబడుతోంది.

"ఎనక్కి," అన్నాను. "సార్ అరిసేడు. భయమేసింది. నాను ఎనక్కెల్లబట్టే గోల్ పడింది. ఆణ్ణి తిట్టినప్పుడు కూడా నోరెత్తనేదు."

"ఈ మాట నాతో కాదు, ఆడితో సెప్పు."

లక్ష్ముడి మొహం చూడలేకపోయాను. వాడి పాదాల వంక చూస్తూ, "తప్పు నాదిరా," అన్నాను.

"నాకు తెలుసు బావా," అన్నాడు వాడు. "నువ్వు ఎనక్కెల్లడం నాను సూసేను. మా అప్ప మొకం సూసి ఊరుకున్నాను."

చిన్నతల్లి కాపురంలో గొడవ రాకూడదని, ఇరవై మూడేళ్ళ కుర్రాడు పిరికివాడన్న మాట నెత్తిన వేసుకుని ఇల్లు చేరాడు. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు. వాడు గురువారానికి వెరావల్ టికెట్ కూడా తీసేశాడని అప్పుడే తెలిసింది. మేడమ్ టికెట్ సంగతి విని, "కేన్సిల్ సేసుకో. రేపు నాలుగింటికి గ్రౌండ్‌లో ఉండాల," అని మాత్రం అంది.

మర్నాడు గ్రౌండ్‌కి వెళ్ళేసరికి జోగయ్య తాత దగ్గర అడిగి తెచ్చిన పాత తాడు ఒకటి గడ్డి మీద పడి ఉంది. దాని కొసకి ట్రాక్టర్ టైర్లు కట్టి ఉన్నాయి. జట్టులో మేము నలుగురం ఒడ్డు మనుషులం. మిగతావాళ్ళు పొలాల వైపు వాళ్ళు, కొండల వైపు వాళ్ళు. నవీన్ది శృంగవరపుకోట.

"మాది కొండ కింద ఊరు మేడమ్. నాను సముద్రంలో కాలు పెట్నేదెప్పుడూ," అని గునిశాడు.

"సముద్రంలోకి రమ్మన్నేదు నిన్ను. తాడు పట్టుకోమన్నాను," అంది ఆవిడ.

రెండు రోజులు తాడు లాగించింది. వెనకున్నవాడు ముందుకు. మళ్ళీ వెనకున్నవాడు ముందుకు. నవీన్ అరచేతులు బొబ్బలెక్కాయి, అన్నం స్పూనుతో తిన్నాడు. మూడో రోజు తాడు తీసేసి బంతి ఇచ్చింది. ముఖం బంతి వైపే ఉండాలి, నలుగురూ కలిసి వెనక్కి రావాలి, అందరికంటే వెనకున్నవాడు అదను చూసి ముందుకు పోవాలి, మిగతావాళ్ళు వాడితో పాటు కదలాలి. కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు. ఇన్నాళ్ళూ ముగ్గురు కోచ్‌లు మా కాళ్ళకి తెలిసినదాన్ని మాన్పించడానికి జీతం తీసుకున్నారంతే. కొండ కుర్రాళ్ళు కూడా నాలుగో రోజుకి పట్టేశారు.

పట్టలేనిది నేను. నేను చివరివాణ్ణి అయినప్పుడల్లా ముందుకు వెళ్ళబోయే ముందు ఒక్కసారి గీత అవతల కోచ్ మొహం చూసేవాణ్ణి. ఆ ఒక్క క్షణంలో అంతా పాడయ్యేది. ముగ్గురి చేత తిట్లు తిని తిని అంటుకున్న జబ్బు అది.

"పక్కకి సూడకు గోవిందూ," అంది మేడమ్. "నువ్వు ముందుకెల్లినప్పుడు గోల్ పడితే ఆ తప్పు నాది. నువ్వు ఆగిపోయి గోల్ పడితే అది నీది."

ఒక కోచ్ తప్పు తన మీద వేసుకోవడం నేను మొదటిసారి విన్నాను. పదేళ్ళలో మొదటిసారి.

మొదటి మ్యాచ్ అవతలి వాళ్ళ ఊళ్ళో. పదకొండు సార్లు ఆఫ్‌సైడ్ జెండా లేచింది. వాళ్ళ ఫార్వర్డు జెండా ఎత్తేవాడితోనే పోట్లాట పెట్టుకున్నాడు. నవీన్ ఒక్క గోల్ కొట్టాడు, ఒకటి సున్నాతో గెలిచాం. రెండో మ్యాచ్‌లో ఒకటి ఒకటితో సమం. చేతికి నాలుగు పాయింట్లు. ఆఖరి మ్యాచ్ శ్రీకాకుళంలో, మా గ్రౌండ్‌లోనే, లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్న జట్టుతో. గెలిచి తీరాలి. సమమైనా దిగిపోతాం.

ఆ మ్యాచ్ రోజు పొద్దున పేపర్లో ఒక వార్త వచ్చింది. జట్టు లీగ్‌లో నిలిస్తే వచ్చే సీజన్‌కి బెంగుళూరు నుంచి పేరున్న కోచ్‌ని తెస్తామని నరసింగరావుగారు చెప్పారట. పద్మకుమారి మేడమ్ పేరు అందులో ఎక్కడా లేదు. నవీన్ ఆ పేపర్ ఆవిడకి చూపించాడు. ఆవిడ చదివి, నాలుగు మడతలు పెట్టి, "నీ బూటు మడమ దగ్గర ఒరుసుకుంటంది కదా, లోపల పెట్టుకో," అని వాడికే ఇచ్చేసింది. గొంతు మామూలుగానే ఉంది. కాలికి టేపు చుడుతున్నప్పుడు మాత్రం ఆవిడ వేళ్ళు నా చీలమండని మరీ గట్టిగా బిగించాయి.

గ్రౌండ్ కిక్కిరిసిపోయింది. గట్టు మీద జనం, గోడ మీద జనం. మా ఊరి నుంచి రెండు ఆటో ట్రాలీల్లో వచ్చారు. చిన్నతల్లి, మా పాప రేఖ ముందు వరసలో ఉన్నారు. ఆట మొదలైన ఇరవై నిమిషాలకే కార్నర్ నుంచి వచ్చిన బంతిని తలతో కొట్టి వాళ్ళు గోల్ చేశారు. జనం చల్లబడిపోయారు. అంతకు ముందు కోచ్‌లైతే అప్పుడే ఇద్దర్ని మార్చి, ముగ్గుర్ని తిట్టేవారు. మేడమ్ చేతులు కట్టుకుని నిలబడింది, ఒక్క మాట అనలేదు. అరవయ్యో నిమిషంలో లక్ష్ముడు ముందుకు దూసుకెళ్ళి అందించిన బంతిని నవీన్ గోల్లోకి పంపాడు. ఒకటి ఒకటి.

ఎనభై ఎనిమిదో నిమిషం. స్కోరు మారలేదు. సమమైతే వాళ్ళకి ఛాంపియన్‌షిప్ చేతికి వస్తుందో రాదో, గెలిస్తే మాత్రం ఖాయం. అందుకని వాళ్ళందరూ మా సగంలోకి వచ్చేశారు. మధ్యలో ఒకడి కాళ్ళ దగ్గర బంతి ఉంది. మేము నలుగురం వెనక్కి అడుగులేస్తున్నాం. అందరికంటే వెనక నేను. నా భుజాన్ని రాసుకుంటూ వాళ్ళ ఫార్వర్డు, ఆ సీజన్‌లో పందొమ్మిది గోల్స్ కొట్టినవాడు. వాణ్ణి వదిలితే, జెండా లేవకపోతే, గోల్. గోల్ పడితే క్లబ్బు లేదు, రేపటి నుంచి నేను వెరావల్ బోటు మీద.

గీత అవతల మేడమ్ ఉందని తెలుసు. తల తిప్పలేదు. నా ముందు లక్ష్ముడి వీపు కనబడుతోంది. వాడు నా వైపు చూడలేదు, నేను వస్తానని వాడికి అనుమానమే లేదు. బంతి పెట్టుకున్నవాడు కాలు ఎత్తాడు. నేను ఆ పందొమ్మిది గోల్స్ వాణ్ణి వదిలేసి ముందుకు పరిగెత్తాను. నాతో పాటు మిగతా ముగ్గురూ కదిలారు. బంతి మా తలల మీంచి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఆ ఫార్వర్డు దాన్ని ఆపి, మా కీపర్ని తప్పించి, గోల్లో వేసి, రెండు చేతులూ చాచి పరిగెడుతున్నాడు.

జెండా పైన ఉంది.

వాళ్ళు రిఫరీ చుట్టూ మూగిపోయారు. రిఫరీ వాళ్ళని తోసేసి ఫ్రీకిక్ తీసుకోమని మాకు చెయ్యి చూపించాడు. మా కీపర్ బంతిని నా వైపు దొర్లించాడు. నేను దాన్ని ఫ్రీకిక్ కొట్టాల్సిన చోట ఆపి తల ఎత్తాను. వాళ్ళలో సగం మంది ఇంకా మా గోల్ దగ్గరే చేతులు ఊపుతున్నారు. గ్రౌండ్ మధ్య గీతకి ఇవతల నవీన్ ఒక్కడే నిలబడి, వేలితో ముందు ఖాళీని చూపిస్తున్నాడు. ఎంత బలముందో అంతా పెట్టి కొట్టాను. వాడు గీత దాటి పరిగెత్తాడు. వాళ్ళ డిఫెండర్ ఒకడు వాడి వెంటపడ్డాడు, అందుకోలేకపోయాడు. కీపర్ ముందుకొచ్చాడు. నవీన్ కంగారు పడలేదు. పక్కనుంచి మెల్లగా నెట్టాడు, బంతి దొర్లుకుంటూ వెళ్ళి వలలో పడింది.

తర్వాత ఐదు నిమిషాలు ఎలా గడిచాయో నాకు సరిగా గుర్తులేదు. విజిల్ వేశాక గోడ మీది జనమంతా గ్రౌండ్‌లోకి దూకారు. జోగయ్య తాత కండువా పోగొట్టుకున్నాడు. లక్ష్ముడు నన్ను ఎత్తుకోబోయి ఎత్తలేక ఇద్దరం పడ్డాం. మా పాప వచ్చి నా మీద కూర్చుంది. నేను గడ్డి మీద వెల్లకిలా పడి నవ్వుతున్నాను, ఆపుదామంటే ఆగడం లేదు. ఏడు పాయింట్లు వచ్చేశాయి.

డ్రెస్సింగ్ రూమ్‌లోకి నరసింగరావుగారు పూలదండ వేసుకునే వచ్చారు. ఎవరు వేశారో గానీ, మ్యాచ్ ఆయనే ఆడినట్టుంది. అందరి భుజాలూ తట్టారు. మేడమ్ దగ్గరికి వెళ్ళి, "శభాష్ పద్మా. మునిగిపోయేదాన్ని ఒడ్డుకి లాగేవు. వచ్చే సీజన్‌కి బెంగుళూరాయన వస్తన్నాడు. ఆయన కింద నువ్వే అసిస్టెంటు. జీతం కూడా పెంచుతాను," అన్నారు.

అందరం ఆవిడ వంక చూశాం. ఆవిడ చేతిలో టేపు చుట్ట ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది.

"నాను సెయ్యను బాబూ," అంది.

"జీతం పెంచుతానన్నాను కదమ్మా."

"జీతం కాదు. కోచ్‌గా అయితే ఉంటాను, నేకపోతే ఎల్లిపోతాను. ఉంటే రెండేళ్ళు. మద్దిలో తియ్యకూడదు. వరసగా ఐదు మాచ్‌లు ఓడినా నానే ఉండాల. కాయితం మీద రాసియ్యండి."

"ఐదు ఓడిపోతే ఎలగ ఊరుకుంటాను?"

"ఊరుకోవాల. ఈ ఏడు ఓడిపోయింది ఈళ్ళు కాదు. ఒకాయన సెప్పింది కాళ్ళకొచ్చేలోపు ఇంకొకాయన్ని దించేరు మీరు."

ఆయనతో అలా మాట్లాడినవాళ్ళని నేను చూడలేదు. ఆయన మొహం ఎర్రబడింది. అప్పుడు నేను లేచాను. ఈవిడ వద్దని ఆయన దగ్గరికి వెళ్ళినవాణ్ణి నేనే, కాబట్టి ముందు లేవాల్సింది కూడా నేనే.

"బాబూ, నా కాంట్రాక్టు ఈ నెలతో అయిపోతాది," అన్నాను. "మేడమ్ కాయితం సూసేకే నా సంతకం. నేకపోతే నాను బోటెక్కుతాను."

ఇల్లు నిలబడిన గంటకే మళ్ళీ దాన్ని పందెం కాశాను. చిన్నతల్లి అక్కడ ఉంటే ఏమనేదో తెలియదు. లక్ష్ముడు నా పక్కన వచ్చి నిలబడ్డాడు. నవీన్ బూటు విప్పుతూ, తల ఎత్తకుండానే, "నాకు రెండు క్లబ్బులోళ్ళు ఫోన్లు సేస్తన్నారు బాబూ, ఇప్పుడిదాకా ఎత్తనేదు," అన్నాడు. తర్వాత కీపర్ లేచాడు. ఆ తర్వాత ఎవరు లేచారో లెక్కపెట్టలేదు, గదిలో కూర్చున్న మనిషి లేడు.

నరసింగరావుగారు మమ్మల్నందర్నీ ఒకసారి చూశారు. దండ తీసి కొక్కేనికి తగిలించారు. బల్ల మీద ఆ రోజు జట్టు పేర్లు రాసిన కాయితం ఉంటే, దాన్ని తిరగేసి, పెన్ను అడిగారు. నిలబడే రాశారు. మేడమ్ తీసుకుని పూర్తిగా చదివింది.

"వరసగా ఐదు అని రాసేరు. ఐదు తీసెయ్యండి," అంది. "ఎన్ని ఓడినా అని రాయండి."

ఆయన ఆవిడ మొహంలోకి చూసి, నవ్వొచ్చేసినట్టుంది, తల అడ్డంగా ఊపుతూనే కొట్టేసి రాశారు. "ఆ ముగ్గురిలో ఒక్కడూ నన్నిలగ అడగనేదమ్మా," అన్నారు. సంతకం పెట్టి పెన్ను ఆవిడకి ఇచ్చారు.

గోల్ పడినప్పుడు ఆవిడ ఏడవలేదు. జనం భుజాల మీద ఎత్తుకుందామని వస్తే వద్దని పక్కకి తప్పుకుంది. ఇప్పుడు హెడ్ కోచ్ అన్న మాట కింద తన పేరు రాసుకోవడం మొదలుపెట్టింది. 'పద్మ' వరకూ రాసి ఆగిపోయింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ రాసింది. ఎనిమిదేళ్ళు కోన్లు పరిచిన మనిషి. కుర్రాళ్ళందరూ మర్యాదకి తలలు దించుకుని బూట్లు విప్పుకుంటున్నారు. నేను దించుకోలేదు. ఆవిడ చివరి అక్షరం రాసేదాకా చూస్తూనే నిలబడ్డాను, నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.